ద్వారం వేంకటస్వామి నాయుడు

కర్ణాటక సంగీతసభకు వెళ్లినవారు వేదికపై ఒక దృశ్యమును తప్పక చూచియుందురు. నడుమ గాయకుడు కూర్చుండును. ఒక ప్రక్క మృదంగము, మఱియొక ప్రక్క ఫిడేలు ఉండును. వెనుక తంబుర శ్రుతి నిచ్చుచుండును. గాయకుడు రాగమును ఆలపించుచుండగా ఫిడేలు ఆయనను నీడవలె వెన్నంటి పోవును. ఆయన విరమించినపుడు తాను కొంత వాయించి, మరల ఆయన వెనుకనే నడచును. ఎంత చక్కగ పలికినను అది ప్రక్కవాద్యమే. చిరకాలము ఫిడేలు మన సభలలో ఈ విధముగనే యుండెను. దానిని వేదిక నడుమకు తెచ్చి, గాయకుని తోడు లేకయే సభనంతటిని రంజింపజేయగలదని నిరూపించిన మహావిద్వాంసులలో ద్వారం వేంకటస్వామి నాయుడుగారు అగ్రగణ్యులు. చూపు మందగించుటచే బడి విడిచిన బాలుడొకడు ఇంతటి కార్యమును సాధించుట ఆశ్చర్యము గొలుపు విషయము. ఆయన చరిత్రము విద్యార్థులెల్లరు తెలిసికొనదగినది.

ఆయన జీవితమును చెప్పుటకు ముందు ఆ వాద్యమును గూర్చి కొంత తెలిసికొనవలెను. ఫిడేలు మన దేశమున పుట్టినది కాదు. అది ఐరోపా వారితో కూడ ఓడలెక్కి మన తీరమునకు వచ్చినది. సంగీతమూర్తిత్రయములో నొకరైన ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులోని ఆంగ్లేయుల వాద్యబృందమునకు చెందిన వాదకునియొద్ద దీనిని నేర్చి, మన సంగీతమునకు అనువుగా మలచెనని పెద్దలు చెప్పుదురు. తంజావూరు సోదరులని ప్రసిద్ధి గాంచిన నలుగురిలో నొకడైన వడివేలు దీనిని తిరువాన్కూరు ఆస్థానమున వాయించి ప్రచారము చేసెను. ఇట్లు వచ్చిన వాద్యము నూఱేండ్లలో కచేరీకి విడదీయరాని అంగమయ్యెను.

మనవారు దానిని ఉన్నది ఉన్నట్లుగ గ్రహింపలేదు. ఐరోపావారు ఫిడేలును గడ్డము క్రింద అదిమిపట్టి, పెక్కుమారులు నిలుచుండియే వాయింతురు. మన విద్వాంసులు నేలపై కూర్చుండి, వాద్యము నొక కొనను ఎడమ భుజమునకు ఆనించి, రెండవ కొనను కుడి పాదముపై నిలుపుదురు. అందుచే వాద్యము కదలదు. దానిని పట్టి నిలుపవలసిన పని లేకపోవుటచే ఎడమచేయి తీగపై పైకిని క్రిందికిని యథేచ్ఛగా జారగలదు. నాలుగు తీగలను కూడ మనవారు షడ్జ పంచమములకు శ్రుతి చేసికొనిరి. స్వరమును ఊపి, సాగదీసి, ఒక స్వరమునుండి మఱియొక స్వరమునకు జార్చు గమకము మన సంగీతమునకు ప్రాణము. ఆ గమకమును పలికించుటకు ఫిడేలు మిక్కిలి తగినది. ఏలయనగా వీణకు ఉన్నట్లు దానికి మెట్లు లేవు. కాని ఈ సౌకర్యమే ఒక కష్టమునకు కూడ కారణము. మెట్లు లేనందున వ్రేలు నిలుపవలసిన చోటునకు గుర్తు లేదు. వెండ్రుకవాసి తప్పినను అపస్వరము వినబడును. కన్ను ఎంత చురుకైనదైనను ఇచట సాయపడదు. చెవియే దారి చూపవలెను.

వేంకటస్వామి నాయుడుగారు 1893వ సంవత్సరము నవంబరు 8వ తేదీన, దీపావళి పండుగనాడు, బెంగుళూరు నగరమున జన్మించిరి. ఆయన తండ్రి సైన్యమున ఉద్యోగి. ఆ కుటుంబము పిదప విశాఖపట్టణమున స్థిరపడెను. దీపముల పండుగనాడు పుట్టిన ఆ బాలునకు కన్నుల వెలుగు మాత్రము కొఱవడెను. చిన్నతనముననే చూపు మందగించెను. ఆ కాలపు పాఠశాలలలో చూపు తక్కువైన పిల్లలకు ప్రత్యేకమైన ఏర్పాటు లేవియు లేవు. నల్లబల్లపై వ్రాసినదానిని చదువలేనివాడు, పుస్తకములోని అక్షరములను పోల్చుకొనలేనివాడు తరగతిలో వెనుకబడక తప్పదు. వేంకటస్వామికిని అట్లే జరిగెను. తుదకు బడిచదువు సాగక ఆగిపోయెను.

తోడి పిల్లలు పలకలు, పుస్తకములు పట్టుకొని బడికి పోవుచుండగా తాను ఇంటనే ఉండిపోవుట ఏ బాలునకైనను దుఃఖకరమే. చదువు లేనివానికి బ్రదుకుదెరువు ఏదియను ప్రశ్న తల్లిదండ్రులను కూడ బాధించును. అట్టి సమయమున అన్నగారైన వేంకటకృష్ణయ్యగారు తమ్మునకు ఆశ్రయమైరి. ఆయన ఫిడేలు వాదనమున నేర్పరి. తమ్ముని చేతికి వాద్యము నిచ్చి, స్వరములు మొదలుకొని క్రమముగ పాఠములు చెప్పసాగిరి. కన్నులతో చదువలేని బాలుడు చెవులతో చదువ నారంభించెను. ఒకమారు విన్నది మనసున నిలుపుకొనుట, నిలుపుకొన్నదానిని వ్రేళ్లలోనికి తెచ్చుకొనుట, తెచ్చుకొన్నదానిని మరల చెవితో పరీక్షించుట అతనికి నిత్యకృత్యమయ్యెను. ఇంటిపేరు ద్వారము గల ఆ బాలునకు బడిద్వారము మూతపడినది కాని, అన్నగారి చలువచే మఱియొక ద్వారము తెఱచుకొనినది.

ఫిడేలు విద్య కొలదికాలములో అబ్బునది కాదు. ఎడమచేతి వ్రేళ్లు స్వరస్థానములను తడబాటు లేక చేరవలెను. కుడిచేతిలోని కమాను తీగపై సమానమైన ఒత్తిడితో నడువవలెను. ఒత్తిడి మిక్కుటమైనచో నాదము గీచినట్లు కర్కశమగును. తక్కువైనచో బలహీనమై వినబడకుండును. వేగము మారినచో స్వరము వణకును. నేర్చుకొనువారి తొలి సంవత్సరములు వినువారి చెవులకు కూడ పరీక్షయే! సరళీస్వరములను, జంటస్వరములను, అలంకారములను మూడు కాలములలోను వేలమార్లు సాధన చేసిన గాని వాద్యము వశము కాదు. వేంకటస్వామి ఇట్టి సాధనలో యౌవనమును గడపెను. పట్టాలు లేవు, పరీక్షలు లేవు. అన్నగారి బోధ, తన శ్రద్ధ, రెండే ఆధారములు.

విశాఖపట్టణమునకు సమీపముననున్న విజయనగరము ఆ దినములలో విద్యలకు, కళలకు నిలయము. అచటి గజపతి ప్రభువులు పండితులను, గాయకులను, వైణికులను ఆదరించుచుండిరి. గురజాడ అప్పారావుగారు నివసించిన పట్టణమది. హరికథా పితామహులని కీర్తి గాంచిన ఆదిభట్ల నారాయణదాసుగారు అచటనే యుండిరి. 1919వ సంవత్సరమున విజయరామ గజపతి మహారాజుగారు ఆ పట్టణమున ఒక సంగీత పాఠశాలను స్థాపించిరి. ఆస్థానమున ఉద్యోగియైన ఒకరి కుమారుడు అంధుడనియు, ఆ బాలునకు సంగీతమునందు గల ఆసక్తిని ఎఱిగి, అతడును అతనివంటి ఇతరులును నేర్చుకొనుటకై మహారాజుగారు ఆ పాఠశాలను నెలకొల్పిరనియు చెప్పుదురు. పాఠశాలకు మొదటి అధ్యక్షులుగ నారాయణదాసుగారు నియమింపబడిరి.

ఈ వార్త విశాఖపట్టణమునకు చేరెను. అప్పటికి వేంకటస్వామి 26వ యేట నుండెను. తాను నేర్చినది చాలదనియు, పెద్దల యొద్ద ఇంకను నేర్చుకొనవలయుననియు ఆయన తలంచిరి. విద్యార్థిగ చేర్చుకొండని కోరుటకై వాద్యము చేతబట్టి విజయనగరమునకు బయలుదేరిరి. చేరగోరువారు ఎంతవఱకు నేర్చిరో తెలిసికొనుటకు పాఠశాలవారు వారిచే వాయింపించి వినవలెను గదా! నారాయణదాసుగారు ఆయన వాదనమును వినిరి. దాసుగారు పెక్కు భాషలలో పండితులు, లయజ్ఞానమున అసామాన్యులు. సామాన్యమైన విద్యను మెచ్చువారు కారు. అట్టివారు ఆ యువకుని వాద్యమును విని, ఇతడు నేర్చుకొనదగినవాడు కాడు, నేర్పదగినవాడని నిశ్చయించిరి. విద్యార్థిగ చేరుటకు వచ్చిన వేంకటస్వామి నాయుడుగారు ఆ పాఠశాలలోనే ఫిడేలు ఉపాధ్యాయులుగ నియమింపబడిరి!

ఈ సంఘటనను మనము కొంత ఆలోచింపవలెను. ఆనాడు పాఠశాలవారు మొదట చదువును గూర్చి ప్రశ్నించి, బడిలో ఏ తరగతివఱకు చదివితివని అడిగియుండినచో ఏమగును? చూపు ఎంతయున్నదని పరీక్షించియుండినచో ఏమగును? ఆయన వట్టిచేతులతో తిరిగి పోవలసియుండెడివారు. తెలుగుదేశమున ఫిడేలు విద్య చరిత్ర వేఱుగ నుండెడిది. నారాయణదాసుగారు అవి యేవియు లెక్కింపక, వాద్యమును మాత్రమే వినిరి. ఉన్న లోపమును చూచుట అందఱికి సులభమే. ఉన్న గుణమును కనిపెట్టుట పెద్దలకే చెల్లును. నాయుడుగారి సాధన ఎంత గొప్పదో, దానిని గుర్తించిన దాసుగారి హృదయము కూడ అంత గొప్పది.

ఉపాధ్యాయ పదవి లభించినంతనే నాయుడుగారు తాను అన్నియు నేర్చితినని సంతుష్టి చెందలేదు. విజయనగరమున వీణ వేంకటరమణదాసుగారివంటి విద్వాంసులుండిరి. అట్టి పెద్దల సంగీతమును వినుట ఆయనకు నిత్యము లభించిన పాఠము. ఐరోపా వాదకుల పద్ధతులను కూడ ఆయన శ్రద్ధతో గమనించిరి. కమానును నిండుగ, కొననుండి కొనవఱకు, తెగకుండ లాగి నాదమును సాగించుట వారి విద్యలో ముఖ్యమైనది. ఆ నేర్పును ఆయన స్వీకరించిరి. కాని దానిని మన రాగములకు లోబఱచిరి గాని, రాగములను దానికి లోబఱుపలేదు. పరుల యొద్దనుండి మేలైనదానిని గ్రహించి తన సంప్రదాయమునకు వన్నె తెచ్చుటయే వివేకుల లక్షణము.

నాయుడుగారి వాదనమునందు ముఖ్యమైన గుణము నాదమాధుర్యము. వారి కమాను తీగను తాకుచున్నట్లు గాక నిమురుచున్నట్లు నడచుచుండెడిది. వేగముగ వాయించుచున్నపుడు కూడ ఏ స్వరమునకు ఆ స్వరము ముత్యమువలె విడివడి వినబడుచుండెడిది. నిదానముగ రాగమును విస్తరించునపుడు ఫిడేలు పాడుచున్నట్లే శ్రోతలకు తోచెడిది. గాయకుని కంఠమున పలుకు సూక్ష్మమైన గమకములు కూడ వారి తీగలపై పలికెడివి. వేగముచే శ్రోతలను దిగ్భ్రమ కలిగించుట వారి మార్గము కాదు. ఒక్క స్వరమును నిలిపి, దానితోనే వినువారి మనసును నిలుపుట వారి మార్గము.

ఆ కాలపు ప్రసిద్ధ గాయకులనేకులకు నాయుడుగారు ప్రక్కవాద్యము వాయించిరి. అరియకుడి రామానుజ అయ్యంగారివంటి మహాగాయకుల సభలలో వారి ఫిడేలు వినబడెను. ప్రక్కవాద్యము వాయించుట చిన్నపని కాదు. గాయకుడు ఏ కీర్తన ఎత్తుకొనునో, ఏ స్వరమును ఎటు త్రిప్పునో ముందుగ తెలియదు. క్షణములో గ్రహించి అనుసరింపవలెను. గాయకుని మించి పోరాదు, వెనుకబడరాదు. తన పాండిత్యమును చూపవలయునను ఆశను అణచుకొనవలెను. ఈ నిగ్రహము నాయుడుగారికి సహజముగ నుండెను. అందుచేతనే గాయకులు వారిని ఆదరించిరి.

అయినను ఫిడేలు ఎల్లపుడు ఒకరి వెంటనే నడువవలయునా, తానై నడువలేదా యను ప్రశ్న వారి మనసున నుండెను. ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుట సులభము కాదు. మన సంగీతమున కీర్తనలకు సాహిత్యము ప్రధానము. గాయకుడు త్యాగరాజస్వామివారి కృతిని పాడునపుడు శ్రోత మాటలను వినును, భావమును తెలిసికొనును, దానితో మనసు లగ్నమగును. ఫిడేలుకు మాటలు లేవు. రెండు మూడు గంటలపాటు మాటలు లేని సంగీతముతో వేలకొలది జనులను కూర్చుండబెట్టుట సాధ్యమా యని పెక్కుమంది సందేహించిరి. వీణ, వేణువు అప్పటికే ప్రధానవాద్యములుగ గౌరవము పొందినవి. ఫిడేలుకు మాత్రము ఆ గౌరవము అరుదుగనే యుండెను.

నాయుడుగారు 1938వ సంవత్సరమున వేలూరులో తమ తొలి ప్రత్యేక కచేరీ చేసిరి. అప్పటికి వారు 45వ యేట నుండిరి. బాల్యమున వాద్యమును పట్టిన పిదప వేదిక నడుమ ఒంటరిగ కూర్చుండుటకు వారికి అంత కాలము పట్టెను. కాని ఆ సంవత్సరములు వ్యర్థములు కాలేదు. గాయకుల వెంట నడచి నడచి వారు గానపు మర్మములను సంపూర్ణముగ గ్రహించియుండిరి. కీర్తనను వాయించునపుడు సాహిత్యములోని అక్షరములకు అనుగుణముగ కమానును నడపుటచే, కీర్తన నెఱిగిన శ్రోతకు తీగపై మాటలే వినబడినట్లు తోచెడిది. నాటినుండి వారి ప్రత్యేక కచేరీలు దక్షిణదేశమంతట జరిగినవి. గ్రామఫోను రికార్డుల మూలమున, రేడియో మూలమున వారి వాద్యము పల్లెలలోని ఇండ్లకు కూడ చేరెను. తెలుగువారికి ఫిడేలు అనగానే ద్వారంవారు, ద్వారంవారు అనగానే ఫిడేలు స్ఫురించునంతటి ప్రసిద్ధి కలిగెను.

ఇంతకు రెండు సంవత్సరములకు పూర్వము, 1936లో, నారాయణదాసుగారు పదవీవిరమణ చేయగా నాయుడుగారు విజయనగరము సంగీత కళాశాలకు అధ్యక్షులైరి. 17 సంవత్సరములు ఉపాధ్యాయులుగ నుండి, మఱి 17 సంవత్సరములు, అనగా 1953వఱకు, అధ్యక్షులుగ నుండిరి. దేశమంతట కచేరీలు చేయుచు కీర్తిధనములు గడింపగల విద్వాంసుడు పాఠములు చెప్పు పనిని విడువకుండుట విశేషము. వారి కాలమున ఆ కళాశాలలో చదివినవారిలో ఘంటసాల వేంకటేశ్వరరావుగారు, పి. సుశీలగారు ఉన్నారు. వీరి కంఠములు తరువాత తెలుగునాట ఇంటింట వినబడినవి. సంగీతశాస్త్ర పండితులైన నూకల చినసత్యనారాయణగారు కూడ నాయుడుగారి శిష్యులు. నాయుడుగారి వంశమున కుమార్తె ద్వారం మంగతాయారుగారు మొదలగువారు ఫిడేలు విద్యను కొనసాగించిరి.

కచేరీకి ముందు తంబురను శ్రుతి చేయుటయందు సామాన్యులు అంత శ్రద్ధ చూపరు. నాయుడుగారికి తంబుర యన్న మిక్కిలి గౌరవము. దాని విశేషములను గూర్చి వారు వ్యాసము కూడ వ్రాసిరి. తంబుర రాగమును వాయింపదు, తాళమును వేయదు. వేదికపై వెనుకనుండి, మొదటినుండి తుదివఱకు ఒక్క ఆధారనాదమును నిలుపుచుండును. ఆ నాదము చెడినచో తక్కిన పాండిత్యమంతయు చెడును. చెవినే నమ్ముకొని పెరిగిన విద్వాంసునకు ఆ చిన్న వాద్యపు విలువ బాగుగ తెలిసియుండుట సహజము.

నాయుడుగారిని వెదకుకొని గౌరవములు వచ్చినవి. మద్రాసు సంగీత విద్వత్సభవారు 1941లో వారిని అధ్యక్షులుగ ఎన్నుకొని గౌరవించిరి. సంగీత కళానిధియను బిరుదము పొందిన విద్వాంసుల వరుసలో వారు చేరిరి. ఆంధ్ర విశ్వవిద్యాలయము 1950లో కళాప్రపూర్ణ బిరుదము నొసగెను. 1953లో కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారము లభించెను. 1957లో భారత ప్రభుత్వము పద్మశ్రీ బిరుదముతో సత్కరించెను. చూపు లేదని బడి విడిచిన బాలునకు విశ్వవిద్యాలయమే బిరుదమిచ్చుట గమనింపదగినది. పాశ్చాత్య సంగీతమున మేటి ఫిడేలు విద్వాంసుడైన యెహూదీ మెనూహిన్ మద్రాసునకు వచ్చినపుడు న్యాయమూర్తి పి. వి. రాజమన్నారుగారి గృహమున నాయుడుగారి వాద్యమును విని మెచ్చుకొనెను. ఐరోపానుండి వచ్చిన వాద్యము మన రాగములను ఇంత సహజముగ పలుకుట పాశ్చాత్య విద్వాంసునికే ఆశ్చర్యము కలిగించియుండును.

ఇన్ని సత్కారములకంటె నాయుడుగారి స్వభావమును తెలుపు విషయము మఱియొకటి కలదు. చూపులేనివారి కష్టము వారికి అనుభవముచే తెలిసినది. అంధుల సహాయనిధికై 1952లో ఢిల్లీ నగరమున వారు ప్రత్యేక కచేరీ చేసిరి. తాను గట్టెక్కితిననుకొని వెనుక నున్నవారిని మఱచువారు లోకమున పెక్కుమంది. అట్లు మఱవకుండుట నాయుడుగారి గొప్పతనము. తన వాద్యము తనకు అన్నము పెట్టినది, కీర్తి తెచ్చినది. ఆ వాద్యముతోనే తనవంటివారికి కొంత మేలు చేయవలెనని వారు తలంచిరి.

71 సంవత్సరములు నిండిన కొలది దినములకు, 1964వ సంవత్సరము నవంబరు 25వ తేదీన, నాయుడుగారు హైదరాబాదు నగరమున పరమపదించిరి. వారి శతజయంతి సందర్భమున 1993లో భారత ప్రభుత్వము వారి చిత్రముతో తపాలా బిళ్లను వెలువరించెను. వారు పెరిగిన విశాఖపట్టణమున వారి పేర ఒక కళాక్షేత్రము వెలసెను. వారి రికార్డులలోని నాదము నేటికిని వినువారి మనసులను కరగించుచున్నది.

విద్యార్థులారా! ఈ చరిత్రమునుండి మనము గ్రహింపవలసినవి రెండు కలవు. తన కొఱతను తలచుకొని కూర్చుండక, తనకున్న శక్తిని సాధనచే పెంపొందించుకొన్నవాడు తప్పక వృద్ధికి వచ్చును. ఇది మొదటిది. రెండవది అంతకంటె ముఖ్యమైనది. మీ తరగతిలో చూపు తక్కువైనవాడో, మాట తడబడువాడో, పాఠములలో వెనుకబడినవాడో ఒకడు ఉండవచ్చును. అతనిని చూచి నవ్వుటకు ముందు, అతనిలో ఏ విద్య దాగియున్నదో కొంత ఓపికతో వినుడు. వేంకటకృష్ణయ్యగారు, నారాయణదాసుగారు అట్లు వినియుండనిచో ద్వారంవారి ఫిడేలును మనము వినియుండెడివారము కాము.